మోటారు మేస్త్రీ జవాబులు: వాడిన నూనెకు ఏ పంపు?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది జడ్చర్ల. బెంగళూరు హైవే మీది ధాబాల్లో, ఊళ్లోని టిఫిన్ సెంటర్లలో వాడి పక్కన పెట్టిన నూనె తెచ్చి ఇంటి దగ్గర బయోడీజిల్ చేస్తున్నాను. మా పొలం దగ్గరి పాత డీజిల్ ఇంజన్ దాంతోనే నడుస్తోంది. వారానికి 200 లీటర్ల దాకా నూనె దొరుకుతుంది. ఇన్నాళ్లూ డబ్బాలు ఎత్తి ట్రాలీ ఆటోలోని డ్రమ్ములో పోశాను. నడుము పోతోంది. ఇంట్లో నీళ్లు తోడే అర హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు ఖాళీగా ఉంది, అది పెట్టొచ్చా? ఒకరు గేర్ పంపు కొనమంటున్నారు, ఇంకొకరు బ్యాటరీ మీద నడిచే డీజిల్ పంపు చాలంటున్నారు. – ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ మోనోబ్లాక్‌ను నీళ్లకే ఉంచండి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసినవాణ్ణి, చేతికి అలవాటైన పంపు అదే కాబట్టి నేనూ మొదట దాన్నే పెట్టాను. మా మేనల్లుడు నకిరేకల్‌లో మీలాగే నూనె పోగేస్తాడు. పైపు నిండా నూనె పోసి స్విచ్ వేస్తే మోటారు మూలిగింది, అవతల పిల్లవాడు ఉచ్చ పోసినంత ధార వచ్చింది. 40 డిగ్రీల వేడి దగ్గర కూడా వంట నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఫ్యాన్ గిర్రున తిరిగి విసిరేసే పంపుకు అంత చిక్కదనం పనికిరాదు.

అది చిన్న నష్టం. డ్రమ్ము అడుగున వాననీళ్లు ఉన్నాయి. నిమిషానికి 2800 చుట్లు తిరిగే ఫ్యాన్ ఆ నీళ్లనూ నూనెనూ కలిపి చిలికేసింది. మజ్జిగ లాంటి ఆ సరుకు నాలుగు రోజులైనా తేరుకోలేదు. మావాడు ఆగలేక, బయోడీజిల్ చేయడానికి వేసే కాస్టిక్ సోడాను ఆ నీళ్ల నూనెలోనే కలిపాడు, డ్రమ్ము సగం సబ్బు అయింది. కాబట్టి పంపు ఎంత వేగంగా లాగుతుందన్నది తర్వాత చూడండి, ఎంత నెమ్మదిగా తిరుగుతుందన్నది ముందు చూడండి.

గేర్ పంపు చెప్పినాయన తప్పు చెప్పలేదు. రెండు పళ్ల చక్రాలు నూనెను పళ్ల సందుల్లో పట్టుకుని అవతలికి తోస్తాయి, చిక్కగా ఉంటే వాటికి ఇంకా సుఖం. పెద్ద మోటారు కూడా అక్కర్లేదు. నిమిషానికి 20 లీటర్లు, 2 బార్ ఒత్తిడి అనుకుంటే నూనె మీద పడే పని 67 వాట్లు. పంపులో, బెల్టులో పోయేది ఎంత కలిపినా అర హెచ్‌పీకి లోపే. మోటారు 1440 చుట్లదైతే పుల్లీ పెట్టి వేగాన్ని సగానికి దించండి. ఒత్తిడి మితిమీరితే దానంతట అదే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఉన్న పంపే తీసుకోండి. అది లేని పంపు నడుస్తుండగా ఎవరైనా అవతలి వాల్వు కట్టేస్తే పైపు పగలాలి, లేదా పంపు పగలాలి.

దాని శత్రువు నూనె కాదు, నూనెలో ఉన్నది. బజ్జీ ముక్కలు, కోడి ఎముకల రవ్వ అనుకుని మేం జాగ్రత్తపడ్డాం. మా పంపును పట్టేసింది మాత్రం గిన్నెలు తోమే స్టీలు పీచులోని ఒక్క పోగు. బెల్టు కీచుమని జారింది కాబట్టి షాఫ్టు బతికింది. నేరుగా కప్లింగ్ వేసి ఉంటే అక్కడికక్కడే విరిగేది. అందుకే లాగే వైపు స్టీలు జాలి తప్పదు, కిటికీకి కొట్టే దోమల జాలి అంత సన్నం ఉంటే చాలు. ఇంకా సన్నగా వడకట్టడం ఇంటికి తెచ్చాక చేసుకోండి. దారిలోనే గుడ్డ కడితే నిమిషంలో మూసుకుపోతుంది. పైపు మూతిని డ్రమ్ము అడుగుకు రెండు అంగుళాలు పైన ఆపండి. అడుగున ఉండే నీళ్లు, మడ్డి అక్కడే ఉండనివ్వండి.

పైపు దగ్గర పిసినారితనం చేయకండి. చిక్కటి నూనె మెల్లగా పారేటప్పుడు లోపలి వ్యాసం రెండింతలైతే అడ్డంకి పదహారో వంతుకు పడిపోతుంది. అరంగుళం పైపుతో అవస్థపడి పంపును తిట్టినవాళ్లను చాలామందిని చూశాను. అంగుళం పైన ఉండాలి, లోపల గట్టి చుట్ట ఉన్న సక్షన్ పైపే కావాలి. తోటకు నీళ్లు పట్టే మెత్తటి గొట్టం లాగుడుకు అప్పడంలా అతుక్కుపోతుంది. పుష్యమాసం పొద్దున్నే పామాయిల్ పేరుకుని ఉంటుంది కాబట్టి చలికాలం మధ్యాహ్నం వెళ్లండి. మూకుడులోంచి అప్పుడే దించిన నూనెలో పైపు పెట్టొద్దు, మెత్తబడి ముడుచుకుపోతుంది.

బ్యాటరీ మీది డీజిల్ పంపు డీజిల్‌కే. ఎండాకాలం కొన్నాళ్లు నడిపిస్తుంది. తర్వాత ఫ్యూజులు కొనడమే పని.

నా ఓటు ఈ మూడింటికీ కాదు. నూనెను అసలు పంపులోకే రానివ్వకండి. సెప్టిక్ ట్యాంకు లారీ వాళ్లు చేసేది చూశారు కదా? పంపు ట్యాంకులోని గాలిని లాగేస్తుంది, సరుకు దానంతట అదే ట్యాంకులోకి ఎక్కుతుంది. వాసన గురించి ముక్కు మూసుకుంటాం గానీ ఉపాయం చక్కనిది. స్టీలు పోగు వచ్చినా ఎముక వచ్చినా ట్యాంకులో పడుతుంది, పంపుకు తగలదు. నీళ్లు కూడా చిలకబడవు. పాడి రైతుల దగ్గర పాలు పితికే మిషన్ ఉంటుంది, దాని వ్యాక్యూమ్ పంపు ఈ పనికి బంగారం. దాదాపు సగం గాలిని తీసేస్తుంది, ఆటో ఎత్తుకు ఆ లాగుడు ఎక్కువే. పంపుకూ ట్యాంకుకూ మధ్య ఒక ఖాళీ సీసా లాంటిది పెట్టండి, పొంగిన నూనె అందులో ఆగుతుంది.

ట్యాంకు మాత్రం మామూలు 200 లీటర్ల రేకు డ్రమ్ము కాకూడదు. సగం గాలి తీస్తే దాని మూత ఒక్కదాని మీదే దాదాపు 13 క్వింటాళ్ల బరువు పడుతుంది. కాలితో తొక్కిన కూల్‌డ్రింక్ డబ్బాలా నలిగిపోతుంది. పంచర్ షాపుల్లో ఉండే పాత కంప్రెసర్ ట్యాంకు వెతకండి, అడుగున తుప్పు తినలేదని సుత్తితో తట్టి చూసుకోండి. ఇంకో లాభం ఉంది. ఇంటి దగ్గరే 200 లీటర్ల ట్యాంకులో సగం గాలి తీసి వాల్వు కట్టుకుని పోతే, కరెంటు లేని ధాబా దగ్గర కూడా 100 లీటర్లకు కాస్త తక్కువ నూనె పైకి వస్తుంది. చివర్లో నెమ్మదిస్తుంది, కంగారుపడకండి.

వారానికి ఒక డబ్బా ఇచ్చే చిన్న బజ్జీ బండ్ల దగ్గర ఈ ఆర్భాటం ఎందుకు? ఖాళీ డబ్బా ఇచ్చి నిండు డబ్బా తీసుకోండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మిర్యాలగూడలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. వాడిన నూనె కొంటామని ఒకాయన వస్తున్నాడు. మళ్లీ వంటకే అమ్ముతాడేమోనని భయం. – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినకొద్దీ అందులో పెరిగే పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించడానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అదే ఏడాది ఆగస్టులో ‘రూకో’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వాళ్లయితే లెక్క రాసి, గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. మీది అంత ఉండకపోవచ్చు. అయినా ఆయన్ను గుర్తింపు కాగితం, రసీదు అడగండి. మీకు ఇచ్చే ధర మరీ ఎక్కువైతే అక్కడే అనుమానించాలి.

ప్రశ్న: నూనెకు పెట్టిన గేర్ పంపుతోనే, బయోడీజిల్ చేయడానికి కాస్టిక్‌తో కలిపి నూనెలో పోసే మిథనాల్ కూడా డ్రమ్ములోంచి లాగొచ్చా? – జడ్చర్ల పాఠకుడే

జవాబు: వద్దు. నూనె అంటుకోవాలంటే బాగా కాగాలి. మిథనాల్‌కు 11 డిగ్రీలు చాలు, అంటే మన దగ్గర ఏ రోజైనా దాని ఆవిరి నిప్పు కోసం కాచుకునే ఉంటుంది. స్విచ్‌లో వచ్చే చిన్న మెరుపు సరిపోతుంది. పగటి వెలుగులో దాని మంట సరిగా కనిపించదు కూడా. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది, లోపలికి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. ఆరుబయట, గ్లౌజులు వేసుకుని, మిథనాల్‌కు పనికొస్తుందని రాసి ఉన్న చేతి పంపుతోనే తీయండి. పంపు బాడీ అల్యూమినియం కాకుండా చూసుకోండి. కాస్టిక్ కలిసిన మిథనాల్ అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. మీరు కలిపే బకెట్ ఏ లోహంతో చేసిందో కూడా ఒకసారి చూడండి.