ప్రిఫరెన్షియల్ ఇష్యూ 92 రూపాయలకైతే, 140లో ఉన్న నా షేరు కూడా అక్కడికి పడిపోతుందా?

పడాలని రూలేమీ లేదండి. ప్రిఫరెన్షియల్ ఇష్యూ అంటే కంపెనీ కొత్త షేర్లను ఎంచుకున్న కొందరికే, ముందే ఖరారు చేసిన ధరకు ఇవ్వడం. ముందు ఆ 92 ఎలా వచ్చిందో చూడండి. బాగా ట్రేడయ్యే షేరుకైతే 2022 నుంచి సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) లెక్క ఇలా ఉంది: రిలవెంట్ డేట్‌కు ముందు 90 ట్రేడింగ్ రోజుల సగటు ధర, 10 రోజుల సగటు ధర, రెండూ వాల్యూమ్‌ను (చేతులు మారిన షేర్ల సంఖ్యను) బట్టి వేస్తారు, ఏది ఎక్కువైతే అదే కనీస ధర. ఆ డేటేమో వాటాదారుల మీటింగుకు 30 రోజుల ముందుది. ఆ తర్వాత వరసగా తొమ్మిది రోజులు 5 శాతం అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగగలిగే గరిష్ఠ హద్దు) కొడితే 92 కాస్తా 140 దాటేస్తుంది.

240 ట్రేడింగ్ రోజుల్లో మొత్తం షేర్లలో 10 శాతమైనా చేతులు మారకపోతే ఈ సగటు లెక్కే ఉండదు. కోటి షేర్ల కంపెనీకి అది రోజుకు నాలుగు వేల చిల్లర. అంతకన్నా తక్కువైతే వాల్యుయర్ (విలువ కట్టే నిపుణుడు) బుక్ వాల్యూ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది, సాటి కంపెనీల లెక్కలు చూసి ధర కడతాడు. దానికీ స్క్రీన్ మీది రేటుకూ పొంతన ఉండకపోవచ్చు. నన్నడిగితే అనుమానించాల్సింది స్క్రీన్ రేటునే. రోజుకు 300 షేర్లు కదిలేచోట 140 అంటే, ముగ్గురో నలుగురో కలిసి పెట్టిన రేటు.

నా దెబ్బ చెబుతాను. మూడేళ్ల కిందట ఒక చిన్న పైపుల కంపెనీ షేర్లు 1,500 కొన్నాను, 78కి. తర్వాత ఆ కంపెనీ ప్రిఫరెన్షియల్ ఇష్యూలో బయటివాళ్లకు 64 చొప్పున 8 లక్షల షేర్లు ఇచ్చారు. రేటు 118కి వెళ్లింది. నేనేదో కనిపెట్టేశానని మా బావమరిదితో కూడా 105కి కొనిపించాను. పండక్కి వచ్చినప్పుడల్లా ఆ సంగతి ఎత్తుతాడు.

ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) కానివాళ్లకు లాకిన్, అంటే షేర్లు అమ్మకూడని గడువు, ట్రేడింగ్ అనుమతి వచ్చాక ఆరు నెలలే. అది తీరిన వారంలో ఓ సోమవారం 9:15కి చూస్తే కొనేవైపు ఖాళీ, అమ్మేవైపు 40 వేల షేర్లు. రోజూ లోయర్ సర్క్యూటే, అంటే ఆ రోజు పడగలిగినంతా పడిపోవడమే. తొమ్మిదింటికే ఆర్డర్ పెట్టినా క్యూలో మనది ఎక్కడో వెనక. ఏడో రోజు 83 దగ్గర నావి అమ్ముడుపోయాయి. 64కి తీసుకున్నవాళ్లకు 83 కూడా లాభమే, ఇక ఆగడమెందుకు?

నేను ముందే చేయాల్సిన లెక్క ఒకటుంది. రోజుకు 500 షేర్లు కదిలే స్టాకులో 8 లక్షలంటే 1,600 రోజుల వాల్యూమ్, ఆరేళ్ల పైమాట. 64 తక్కువా ఎక్కువా అని కొట్టుకున్నాను గానీ ఇది చూడలేదు.

మీరు ఎక్స్ఛేంజ్ సైట్లో మీటింగ్ నోటీసు తెరవండి. ఎవరికి ఎన్ని ఇస్తున్నారో, ఇష్యూ తర్వాత ఎవరి వాటా ఎంతో అందులో ఉంటుంది. ప్రమోటర్లే తీసుకుంటుంటే లాకిన్ సాధారణంగా 18 నెలలు, నాకంత టెన్షన్ ఉండదు. వారంట్లయితే, అంటే ఖరారైన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులైతే, ముందు కట్టేది 25 శాతమే, మిగతాది 18 నెలల్లోపు. ఈలోగా రేటు బాగా పడితే ఆ పావు వదిలేసుకుని వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు, కంపెనీకి రావాల్సిన డబ్బు రాదు. మీ నోటీసులో షేర్లా, వారంట్లా?