ప్రైవేటు క్లబ్బయితే ర్యాంపు కట్టక్కర్లేదా?

ప్రశ్న: మాది ఖమ్మం. వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. డాక్టరు ఈత మంచిదంటే ఒక ప్రైవేటు స్పోర్ట్స్ క్లబ్బులో ఏడాదికి రూ. 12,000 కట్టాను. 2019లో కట్టిన భవనం. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. బాత్‌రూం తలుపులో కుర్చీ పట్టదు. అడిగితే, "ఆ రూల్సు గవర్నమెంటు ఆఫీసులకే. మా కుర్రాళ్ళు ఎత్తి లోపల పెడతారు" అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 2(డబ్ల్యు) ప్రకారం జనం వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా ప్రజా భవనమే. వ్యాపారానికి, వినోదానికి వాడేవి అందులో స్పష్టంగా ఉన్నాయి. ఎత్తుకుని మోయడం సదుపాయం కింద లెక్కకు రాదు. పట్టు జారితే దెబ్బ తగిలేది మీకు. ఎవరి మీదా ఆధారపడకుండా లోపలికి వెళ్ళడమే ఈ చట్టం ఇచ్చిన హక్కు.

మీ క్లబ్బు భవనం ఈ చట్టం వచ్చాక కట్టింది కనుక మీకు బలం సెక్షన్ 44. దివ్యాంగులు సులువుగా వాడుకునే ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి గాని, పూర్తయ్యాక వాడుకునే (ఆక్యుపెన్సీ) సర్టిఫికెట్ గాని ఇవ్వకూడదు. పాత భవనాలకు సెక్షన్ 45 ఇచ్చిన అయిదేళ్ళ గడువు కూడా 2022 జూన్‌తో తీరింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను సలహాల స్థాయికి దించిందంటూ ఈ చట్టం కింద కేంద్రం 2017లో చేసిన నియమాల్లోని 15(1) నియమాన్ని చెల్లదంది. "రూలే పోయింది" అని ఎవరైనా వాదిస్తే నమ్మకండి. తప్పనిసరి ప్రమాణాలు రాయాలని ఆదేశించింది కూడా ఆ తీర్పే. అందుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌ది. 44, 45 సెక్షన్లు చట్టంలో అలాగే ఉన్నాయి.

ముందు టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీయించండి. ర్యాంపు వాలు 1:12 మించకూడదు. మూడు మెట్లు కలిపి 45 సెం.మీ. ఎత్తుంటే ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. చాలాచోట్ల రెండు మీటర్ల సిమెంటు వాలు పోసి ర్యాంపు అంటారు. దాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. వెడల్పు కనీసం 1.2 మీ., రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు, పైనా కిందా 1.5 మీ. చదును ఉండాలి. తలుపు తెరిచాక ఖాళీ 90 సెం.మీ. కావాలి. ఫ్రేము కొలత చూపించి సరిపోయిందంటే ఒప్పుకోకండి. టాయిలెట్ 2 × 2.2 మీ. ఉండి, తలుపు బయటికి తెరుచుకోవాలి.

ఈ కొలతలతో క్లబ్బుకు స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. నగరపాలక సంస్థకు రూ. 10తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకళ్ళు అడగండి. "మూడో వ్యక్తి సమాచారం" అంటూ తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు, క్లబ్బు ఒక్కదాని మీదే రాస్తారు. కమిషనర్ సిఫార్సు వెళ్ళేది అధికారులకు. వాళ్ళు మూడు నెలల్లో జవాబు చెప్పాలి. కాబట్టి మున్సిపల్ కమిషనర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి. చట్టాన్ని ఉల్లంఘించినందుకు సెక్షన్ 89 కింద జరిమానా మొదటిసారి రూ. 10,000 దాకా, మళ్ళీ చేస్తే రూ. 50,000 నుంచి 5 లక్షలు. అది వేయాల్సింది మాత్రం కోర్టే.

మీరు ఫీజు కట్టారు కనుక ఆ సొమ్ము, నష్టపరిహారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో విడిగా అడగవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి, రశీదు తప్పక జతచేయాలి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.