డేగ కూత వినిపించింది, డేగ ఏది?

ప్రశ్న: శ్రీశైలం వెళ్లే దారిలో, నల్లమల అడవిలో ఉదయంపూట షిక్రా డేగ కూత స్పష్టంగా వినిపించింది. కూతను బట్టి పక్షిని గుర్తించే ఫోన్‌లోని ఆప్ కూడా అదే పేరు చూపించింది. ఎంత వెతికినా డేగ జాడ లేదు. కూత వచ్చిన కొమ్మ మీద, తోకకు రెండు పొడవాటి తీగలున్న నల్లని పిట్ట మాత్రం ఉంది. పొరపాటు ఎక్కడ జరిగినట్టు?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ఆ నల్లపిట్టే కూసి ఉంటుంది. మీ వర్ణనను బట్టి అది రాకెట్ తోక ఏట్రింత. పశువుల వీపుల మీద, కరెంటు తీగల మీద వాలే మన పసుల పోలిగాడికి దగ్గరి చుట్టం. తోకకు ఇరుపక్కలా ఉండే బయటి ఈకలు రెండూ బోడి తీగల్లా సాగి, కొసన మాత్రమే ఈక మిగలడం వల్ల, అది ఎగురుతుంటే రెండు తుమ్మెదలు వెంట తరుముతున్నట్టుంటుంది.

ఇతర పక్షుల కూతలను అనుకరించడంలో దీనిది అందెవేసిన చెయ్యి. శ్రీలంకలోని సింహరాజ అడవిలో ఈ పక్షులను గమనించిన పరిశోధకులు ఎబెన్ గుడేల్, శరత్ కోటగామ 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇవి వేటపక్షుల కూతలను, ఇతర పిట్టల హెచ్చరిక అరుపులను ఎక్కువగా ప్రమాదం ఎదురైనప్పుడే వాడతాయి. మామూలు పాటలో మాత్రం తోటి పిట్టల పాటలను, పలకరింపు కూతలను కలుపుతాయి. అంటే ఇది చిలకపలుకు కాదు, సందర్భమెరిగిన పలుకే. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీని జ్ఞాతి ఇంకా గడుసుది: ఉత్తుత్తి హెచ్చరికలతో ముంగిస కుటుంబానికి చెందిన మీర్‌క్యాట్‌లను బెదరగొట్టి, అవి వదిలి పరుగెత్తిన పురుగులను కాజేస్తుంది.

ఆప్‌ను తప్పుపట్టి లాభం లేదు. అది విన్న ధ్వనిని తనకు తెలిసిన ధ్వనులతో పోల్చుతుందే తప్ప, ఆ ధ్వని ఏ గొంతులోంచి వచ్చిందో చూడలేదు. మీరు కాస్త ఓపిక పట్టి వినడమే మేలైన పరీక్ష: డేగ తన కూతనే మళ్లీ మళ్లీ కూస్తుంది, ఏట్రింతయితే కాసేపటికే మరో పిట్ట గొంతులోకి మారి, మధ్యమధ్య లోహం మోగినట్టుండే సొంత స్వరాలనూ కలుపుతుంది. ఏట్రింతలున్న అడవిలో కూత ఒక్కటే ఆధారంగా డేగను మీరు గుర్తించిన పక్షుల జాబితాకెక్కించడం, నా దృష్టిలో, తొందరపాటే. ఆ ఉదయపు జాబితాలో ఏట్రింత పేరే రాసి, పక్కన ‘షిక్రా కూతను అనుకరించింది’ అని నమోదు చేయండి; డేగ కంటబడిన రోజున దాని పేరు చేర్చవచ్చు.