మంత్రగాడికి నిద్ర దొరక్కుండా చెయ్యి

కావలి

తమ్ముడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి నువ్వు సొంతంగా రాసుకుని ఒంగోలు నుంచి పంపిన హౌస్ రూల్స్ పదకొండు పేజీలూ చదివాను. రాత బాగుంది. లెక్క దగ్గరే తేడా కొట్టింది.

స్పెల్ స్లాట్లు, అంటే ఏ లెవెల్ మంత్రం ఎన్నిసార్లు వెయ్యొచ్చో చెప్పే లెక్క, తీసేసి పాయింట్లు పెట్టావు. అది ఆట నడిపేవాడి పుస్తకం, 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్న పద్ధతే. అయిదో లెవెల్ విజార్డ్‌కి, అంటే మంత్రగాడికి, 27 పాయింట్లు, మూడో లెవెల్ మంత్రానికి 5. స్లాట్ల లెక్కలో మూడో లెవెల్‌వి రెండే ఉండేవి. ఇప్పుడు మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ అయిదు సార్లు వేస్తాడు. ఒక్కోదానికీ ఆరు ముఖాల డైస్ ఎనిమిది, సగటున 28 డ్యామేజ్, అదీ 20 అడుగుల వ్యాసార్థంలో తప్పించుకునే డైస్ (సేవ్) ఫెయిలైన ప్రతివాడికీ. పక్కన కత్తి పట్టిన ఫైటర్ రెండు వేట్లు వేసి కూర్చుంటాడు. అది చూసి నీకే భయమేసి, 20 ముఖాల డైస్ మీద 5 లోపు పడితే మంత్రం ఫెయిల్ అన్నావు.

ఆ రూల్ నేనూ ఒకప్పుడు రాశాను. మా మేడ మీద ఆట. విజార్డ్ ఆడే పిల్లాడు తన వంతు కోసం పాతిక నిమిషాలు కాచుకుని డైస్ వేస్తే 3 పడింది. ఏమీ అనలేదు. డైస్ సంచిలో వేసి, తాడు బిగించి, సెల్ తీశాడు. మర్నాడే ఆ రూల్ కొట్టేశాను.

అసలు తిరకాసు నిద్రలో ఉంది. లాంగ్ రెస్ట్ అంటే పాయింట్లన్నీ తిరిగొచ్చే ఎనిమిది గంటల నిద్ర. రెండు లాంగ్ రెస్టుల మధ్య ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు ఉంటాయని ఆ గైడ్ అంచనా. మనం ఆదివారం ఒక్క ఫైట్ ఆడి పడుకోబెడతాం. ఇక మంత్రగాడు పాయింట్లు దేనికి దాచుకుంటాడు? నీ కథ ఉదయగిరి ముట్టడే కదా. రాయలవారు 1513లో మొదలుపెడితే మరుసటేడు గానీ కోట చిక్కలేదు. ఆ కొండ మీద మంత్రగాణ్ణి ఎనిమిది గంటలు ఎవడు నిద్రపోనిస్తాడు? 'కొండ దిగితేనే లాంగ్ రెస్ట్' అని ఒక్క ముక్క రాయి. పాయింట్లు వదలబుద్ధి కాకపోతే మూడో లెవెల్ మంత్రం రోజుకి రెండుసార్లే అను. అప్పుడవి మళ్లీ స్లాట్లే అవుతాయి, అది వేరే సంగతి.

ఏడో పేజీలో కాన్సన్‌ట్రేషన్, అంటే కొన్ని మంత్రాలు నిలవాలంటే మనసు చెదరకూడదన్న రూల్, ఎత్తేశావు, అది మాత్రం ఒప్పుకోను. దెబ్బ తగిలితే మంత్రం చెదిరిపోతుందన్న భయం ఉంటేనే బురుజు మీది విలుకాడికి పని.

మళ్లీ రాసి, నాకంటే ముందు మీ ఫైటర్ ఆడే అమ్మాయికి చూపించు. రెండు పేజీలు దాటనివ్వకు.

మీ అన్న