సర్కారు అప్పు లెక్క మీ ఇంటికి పనికిరాదు

ప్రశ్న: అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. వయసు 39. జీతం 38 వేలు, ట్యూషన్ల మీద ఇంకో 9 వేలు వస్తాయి. అద్దె, ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు కలిపి నెలకు 28 వేల ఖర్చు. ఏప్రిల్, మే నెలల్లో ట్యూషన్లు ఉండవు, మే జీతం కాలేజీ ఇవ్వదు. దాచింది ఏమీ లేదు. ప్రభుత్వం లోటు బడ్జెట్ వేసి, అప్పు తెచ్చి పెట్టుబడి పెడితేనే దేశం ఎదుగుతుందని క్లాసులో చెబుతుంటాను. అదే పద్ధతిలో బ్యాంకులో 14 శాతానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ 6 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తీసుకుని షేర్లలో పెడదామనుకుంటున్నా. నోటు ఇంకా రాయలేదు. పిల్లలకు కూడా దీన్నే ఉదాహరణగా చెప్పవచ్చా?

జవాబు: చెప్పొద్దు, చేయొద్దు. ఈ తర్కం మీ ఒక్కరిదే అయితే రెండు ముక్కల్లో తేల్చేసేవాణ్ని. బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ‘సర్కారే అప్పు చేస్తోంది, మనం చేస్తే తప్పేంటి’ అనేవాళ్లు ఊరూరా ఉన్నారు. మీరు దాన్నే బోర్డు మీద రాశారంటే క్లాసులో ఉన్న అందరి ఇళ్లకూ పాకుతుంది.

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలు తీసుకోండి. ద్రవ్యలోటు, అంటే రాబడికి మించిన ఖర్చు కోసం తెచ్చే అప్పు, 15.69 లక్షల కోట్లు. జీడీపీలో (దేశంలో ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో) ఇది 4.4 శాతం. ఇంత అప్పును కేంద్రం ఎలా మోస్తోంది? ధరల పెరుగుదలతో కలిపి జీడీపీ 10.1 శాతం పెరుగుతుందని ఆ బడ్జెట్ లెక్క. పదేళ్ల బాండ్ల (అప్పు పత్రాల) మీద కేంద్రానికి పడే వడ్డీ 7 శాతానికి అటూఇటూ. వడ్డీ కంటే ఆదాయం వేగంగా పెరుగుతోంది కాబట్టి బండి నడుస్తోంది. పైగా పాత బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి కడుతుంది. 40, 50 ఏళ్ల బాండ్లు కూడా అమ్ముతుంది. మీ ప్రామిసరీ నోటు 50 ఏళ్లకు ఎవరు రాయించుకుంటారు?

ఇక్కడ క్లాసులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 2024-25కు చెప్పిన 6.5 శాతం వృద్ధి ధరల పెరుగుదల తీసేశాక మిగిలింది. లోన్ మీద వడ్డీలో అలా ఏమీ తీసేయరు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 10.1ని వడ్డీ పక్కన పెట్టండి.

ఇప్పుడు మీ సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రెండు అప్పులూ కలిపి సగటున 16.5 శాతం పడుతుంది. ప్రైవేటు కాలేజీలో ఏడాదికి 5 శాతం జీతం పెంచితే గొప్ప. కేంద్రానికి అనుకూలంగా ఉన్న తేడా మీకు పూర్తిగా తిరగబడింది. షేర్లు ఏడాదికి 12 శాతం ఇచ్చినా మీకు నష్టమే.

ఇంకోటి, అప్పంతా రోడ్లకూ రైళ్లకూ పోతుందని కూడా చెప్పకండి. అదే బడ్జెట్లో మూలధన వ్యయం (రోడ్లు, రైళ్ల లాంటి ఆస్తుల మీద పెట్టేది) 11.21 లక్షల కోట్లయితే, రెవెన్యూ లోటు (రోజువారీ ఖర్చులకే రాబడి చాలక పడే లోటు) 5.24 లక్షల కోట్లు. వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, అంటే రాష్ట్రాలకిచ్చే పన్నుల వాటా కూడా కలిపి చూస్తే, ఖర్చు పెట్టే ప్రతి రూపాయిలో 20 పైసలు. సర్కారుకూ అప్పు ఊరికే రాలేదు.

మీ ఇంటి బడ్జెట్ నెలల వారీగా వేద్దాం. బ్యాంకు ఈఎంఐ 13,961. నోటు మీద వడ్డీ నెలకు 4,000, అసలు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. రెండూ కలిపి 17,961. మామూలు నెలలో 47 వేలు వచ్చి, 28 వేలు ఖర్చై, ఈ వాయిదాలు పోతే మిగిలేది 1,039 రూపాయలు. పది నెలలు పైసా జారకుండా దాస్తే 10,390. ఏప్రిల్‌లో 7,961 తక్కువ పడుతుంది. మేలో రాబడి సున్నా, కట్టాల్సింది 45,961. ఆ రెండు నెలల లోటు 53,922. దాచింది పోగా ఏటా 43,500 పైచిలుకు మళ్లీ ఎక్కడో తేవాలి. ఎక్కడ తెస్తారో నాకు తెలుసు: ఆ రెండు రూపాయల వడ్డీ ఆయన దగ్గరే, ఈసారి మూడు రూపాయలకు.

‘వేసవిలో షేర్లు అమ్ముకుంటా’ అంటారేమో. 2020 జనవరిలో 12,400 దగ్గరున్న నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) మార్చి 24న 7,511ని తాకింది. సరిగ్గా అప్పుడే కాలేజీలు మూతపడ్డాయి. ప్రైవేటు లెక్చరర్ల జీతాలు ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా? దేశానికి జబ్బు చేసినప్పుడు షేరూ జీతమూ ఒకేసారి పడతాయి. ఈఎంఐ మాత్రం పడదు.

అందుకే అత్యవసర నిధి ముందు, మిగతావన్నీ తర్వాత. దేశానికీ ఇదే లెక్క. 1991లో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా కూడా కష్టమైనప్పుడు, 47 టన్నుల దాకా బంగారం విదేశీ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ నిల్వలు 60 వేల కోట్ల డాలర్ల పైన. కేంద్రం తన ఆకస్మిక నిధిని కూడా 2021లో 500 కోట్ల నుంచి 30 వేల కోట్లకు పెంచుకుంది. ప్రభుత్వాన్ని చూసి నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి.

అప్పు లేకపోతే జూన్ నుంచి మార్చి దాకా నెలకు 19 వేల చొప్పున 1,90,000 మిగులుతుంది. ఏప్రిల్ మిగులు పోగా మే నెలకు తక్కువపడే 18 వేలు వేసవి డబ్బు. దాన్ని నిధిలో కలపకండి, ఏటా తెలిసి వచ్చే ఖర్చు అత్యవసరం కాదు. ఆరు నెలల ఖర్చు 1,68,000 అసలు నిధి. ఏడాదిలో రెండూ తీరిపోతాయి. నెల ఖర్చు 28 వేలు మామూలు ఖాతాలో ఉంచి, మిగతాది ఇంకో బ్యాంకులో, అవసరమైతే దానంతటదే విడిపోయే ఫిక్స్‌డ్ డిపాజిట్లో పెట్టండి. ఆ ఖాతాకు ఫోన్‌పే తగిలించొద్దు.

‘చీటీ ఉంది, పాడుకుంటా’ అనుకోవద్దు. మీకు కష్టమొచ్చిన నెలలో మిగతావాళ్లకూ కష్టమే. పాట పెరిగి చేతికొచ్చేది తరుగుతుంది.

కుటుంబం మొత్తానికి కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా ఈ నెలే తీసుకోండి, నిధి నిండడం ఒకట్రెండు నెలలు ఆలస్యమైనా సరే. అనంతపురంలో పెద్ద జబ్బంటే తరచూ బెంగళూరు బండెక్కాల్సి వస్తుంది. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా వెంటనే. షేర్ల ముచ్చట నిధి నిండాక ఇండెక్స్ ఫండులో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండు) సిప్‌తో, అంటే నెలనెలా కొంత మొత్తం వేస్తూ తీర్చుకోండి.

క్లాసుకు ఉదాహరణ కావాలంటే, ప్రతి పిల్లవాడి చేత ఇంటి రాబడి, ఖర్చు పన్నెండు నెలలకూ రాయించండి. బుడ్డలు (వేరుశనగ) అమ్మిన డబ్బు ఏడాదికొక్కసారే వచ్చే ఇళ్లు మీ క్లాసులో చాలా ఉంటాయి. ఏ నెలలో లోటు పడింది, దాన్ని దేంతో పూడ్చారు అని అడగండి. వడ్డీకి మాత్రం వేరే గడి గీయించండి, ఖర్చులో కలిపేస్తే కనబడదు.