తీరానికి బయలుదేరే ముందు

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు టీచరుగా పనిచేస్తున్న టాంజానియాలో డిసెంబరు సెలవులకి స్నేహితులతో కలిసి సముద్రతీరం చూడబోతున్నావని అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. 12 రోజుల్లో టాంగా, బాగమోయో, దార్ ఎస్ సలామ్, జాంజిబార్, కిల్వా, మళ్ళీ పైకెళ్ళి కెన్యాలోని మొంబాసా, లాము. ఇందులో సగం కొట్టెయ్యి తల్లీ. నీలాగే టాంజానియాలో, మోరోగోరో ఊళ్ళో రెండేళ్ళు లెక్కలు చెప్పి, సెలవు దొరికినప్పుడల్లా ఆ తీరానికే వెళ్ళినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈసారికి జాంజిబార్, కిల్వా చాలు. కెన్యా జూన్ సెలవులకి ఉంచుకో. దానికి వేరే అనుమతి కావాలి. పైగా కెన్యా వెళ్ళి ఇండియాకొస్తే మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది.

సగం కొట్టెయ్యమనడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ తీరంలో పనులు మన టైము ప్రకారం జరగవు.

గంటల సంగతే చూడు. అక్కడ లెక్క పొద్దు పొడుపు నుంచి, రాత్రికి పొద్దు గుంకిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళ స్వాహిలీ భాషలో 'సా మోజా', అంటే ఒంటిగంట. బళ్ళో నీకిది అలవాటై ఉంటుంది, కానీ ప్రయాణం హడావుడిలో మర్చిపోతాం. మొదటి ఏడాది మాకు బస్సు 'సా కుమి నా మ్బిలి'కి అన్నారు. పన్నెండు కదా అని పదకొండున్నరకి సామాన్లతో స్టాండుకి వెళ్ళాం. బస్సు పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోయింది. క్రిస్మస్ ముందు రోజులు, ఇంకో రెండు రోజుల దాకా సీట్లు లేవు. నాతో ఉన్న అమ్మాయి అక్కడే కూర్చుని ఏడ్చేసింది. అందుకే ఎవరు టైము చెప్పినా 'అసుబుహి'యా, 'జియోని'యా, అంటే పొద్దునా సాయంత్రమా అని అడుగు. అప్పటికీ అనుమానం ఉంటే, ఆ వేళకి సూర్యుడు ఎక్కడుంటాడో వేలితో చూపించమను.

సముద్రం సంగతి ఇంకా ముఖ్యం. జాంజిబార్ తూర్పు ఒడ్డున జాంబియానీ, పాజే ఊళ్ళ దగ్గర పాటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. ఆడవాళ్ళు ఆ నేల మీదే మేకులు పాతి, తాళ్ళు కట్టి 'మ్వానీ' అనే నాచు పండిస్తారు. మేం నలుగురం కబుర్లు చెప్పుకుంటూ వాళ్ళని దాటి చాలా ముందుకి నడిచాం. ఒకావిడ పనాపి, చెయ్యూపుతూ కేకలు వేసింది. తిరిగి చూస్తే మాకూ ఒడ్డుకీ మధ్య పల్లంలో నీళ్ళు చేరుతున్నాయి. ఒడ్డు చేరేసరికి నడుం దాకా వచ్చాయి. ఒకతని పాదంలో సముద్రపు ముళ్ళకాయ (సీ అర్చిన్ అనే జీవి) ముళ్ళు విరిగి ఉండిపోయాయి. ఆవిడ పిలవకపోతే ఏమయ్యేదో నేనిప్పటికీ ఆలోచించలేను. రోజూ పొద్దున బస యజమానిని 'మాజీ కుజా' ఎప్పుడు, 'మాజీ కుప్వా' ఎప్పుడు అని అడుగు. మొదటిది పోటు, రెండోది పాటు. నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు, రోజుకి సుమారు 50 నిమిషాలు జరుగుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణములకి మరీ జాగ్రత్త. రబ్బరు చెప్పులు లేకుండా నీళ్ళలో దిగొద్దు.

జాంజిబార్‌లోని పాత పట్టణం స్టోన్ టౌన్‌కి కనీసం మూడు రోజులివ్వు. పాత బానిసల సంత ఉన్న చోట ఇప్పుడు ఆంగ్లికన్ చర్చి ఉంది. 1873లో ఆ సంత మూయించారు. చర్చి ఆవరణలో గొయ్యి తవ్వి, మెడలకి గొలుసులున్న మనుషుల శిల్పాలు నిలబెట్టారు. అక్కడ సెల్ఫీలు తీసుకోవద్దని మీవాళ్ళకి ముందే చెప్పు. ఆ రోజు ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి. ఊళ్ళో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలే వేసుకో.

కిల్వాకి దార్ నుంచి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. కిల్వా మసోకో ఆఫీసులో అనుమతి కాగితం తీసుకుని, గైడుతో పడవలో పాత కిల్వా శిథిలాలున్న దీవికి వెళ్ళాలి. పొద్దున్నే బయలుదేరు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసిన ఊరది. పగడపు రాతితో కట్టిన పెద్ద మసీదు స్తంభాల మధ్య కూర్చుంటే నాకు లేవబుద్ధి కాలేదు. డిసెంబరులో అక్కడ 'కస్కాజీ' అనే ఈశాన్యపు గాలి వీస్తుంది. గుజరాతు నుంచి, అరబ్బు రేవుల నుంచి ఓడలు ఆ గాలి మీదే వచ్చేవి. గాలి తిరిగేదాకా నెలల తరబడి అక్కడే ఆగేవి. చపాతీ, చాయ్ అన్న మాటలు స్వాహిలీలో వినిపిస్తే ఆశ్చర్యపోకు. దుకా అంటే మన దుకాణమే.

తిండికి నీకు ఇబ్బంది లేదు. కొబ్బరిపాలతో వండిన అన్నం, చిక్కుడుగింజల కూర అంతటా దొరుకుతాయి. 'బిలా న్యామా' అంటే మాంసం లేకుండా అని. అంతమాత్రం చెబితే చేప పెట్టేస్తారు, 'బిలా సమాకి' అని కూడా చెప్పు.

డబ్బుల దగ్గరే స్నేహాలు చెడతాయి. మొదటి రోజే అందరూ సమానంగా వేసి ఒక సంచీ పెట్టండి. ఊరు మారినప్పుడల్లా సంచీ చేతులు మారాలి. మూడు రోజులకోసారి ఎవరి దారిన వాళ్ళు తిరిగి, రాత్రి భోజనానికి కలవండి. మేం రెండో ఏడాది అలా చేశాం, ఒక్క గొడవ కూడా రాలేదు.

పెద్దవాళ్ళు ఎదురైతే ముందు 'షికమో' అను. వాళ్ళు 'మరహబా' అన్నాకే పని మాట్లాడు. నిన్ను చూసి ముందు అక్కడి భారతీయ వ్యాపారస్తుల పిల్ల అనుకుంటారు. 'మ్వాలిము'ని, టీచర్ని అని స్వాహిలీలో చెప్పు. నాకైతే ఆ మాటతో కుర్చీ దొరికేది, ఆ తర్వాత కబుర్లు దొరికేవి.

వచ్చేటప్పుడు నాకో కంగా, అంటే అక్కడి ఆడవాళ్ళు చుట్టుకునే అచ్చు గుడ్డ, తీసుకురా. జతగా అమ్ముతారు, ఒకటి నువ్వుంచుకో. కింద అంచున ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. కొట్టువాడు చెప్పిన అర్థం నమ్మి కొనెయ్యకు, నువ్వే చదివి, నాకు నప్పే మాట ఉన్నదే ఏరి తీసుకో.

మీ పెద్దమ్మ