ఐదువందల రూపాయల రసీదు

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

వకీలు వృత్తి వదిలి, ప్రజాస్వామ్యం, పరిపాలన, ప్రజావిధానాల మీద పరిశోధన చేసి న్యాయశాస్త్రం బోధించాలని నీవు నిశ్చయించుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ దిగులూ రెండూ కలిసే ఉన్నాయి.

ఎల్‌ఎల్‌ఎం ముగించు, అధ్యాపకులకు పెట్టే అర్హత పరీక్ష నెట్ రాయి. గైడును పేరు చూసి కాక, నీ రాతప్రతిని ఓపికగా చదువుతారో లేదో చూసి ఎంచుకో. మొదట్లో కాంట్రాక్టు కొలువే దొరకవచ్చు కనుక కొంత సొమ్ము దాచుకో.

ఇక నేను చేసిన తప్పు విను. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లే వాటిలో ఎక్కువ. ఆ ఏడే పార్లమెంటు చట్టాన్ని సవరించి, లోక్‌సభ సాధారణ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250 నుంచి 5,000కు పెంచింది. నేను తరగతిలో దాన్ని మెచ్చుకుంటూ, ఎన్నికలను ఆటగా చేసేవారికి తగిన శాస్తి జరిగిందన్నాను.

తరగతి ముగిశాక మర్రిగూడ వైపు అబ్బాయి ఒకడు వచ్చి, మడతల దగ్గర చిరిగిన రసీదు నా బల్ల మీద పెట్టాడు. అది వాళ్ళ నాన్న కట్టిన డిపాజిట్‌ది. "సార్, మా నాయిన మెడ తిప్పలేడు. ఎవరన్న పిలిస్తే మనిషి మొత్తం తిరగాలె. మేకను అమ్మి కట్టిండు, గెలుస్తనని కాదు," అన్నాడు. చట్టం అందరికీ ఒకటేనని చెప్పి నేను రసీదు తిరిగి ఇచ్చేశాను. వాడు మళ్ళీ నా తరగతికి రాలేదు.

రెండు నెలల తరువాత నిద్రపట్టక వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఆ అబ్బాయి నాన్న మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు ఇచ్చాడు. చెంబు నా చేతిలో ఒక్క క్షణం ఆగింది, అది ఆయన చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు, తల్లీ.

సవరణకు కారణాలు లేకపోలేదు. 480 పేర్ల బ్యాలెట్‌తో ఎన్నిక నడపడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కాని అంతమంది ఎందుకు నిలబడ్డారన్న ప్రశ్నను నేను పాఠంలో నుంచే తీసేశాను. నీవు కమిటీలలో కూర్చుని, నివేదికలు రాస్తూ, మెచ్చుకోళ్ళకు అలవాటుపడి అదే పని చేస్తావేమోనన్నదే నా భయం. పంచాయతీల మీద రాయాలంటే వాటికి సంబంధించిన రాజ్యాంగ 73వ సవరణ చదివినంత శ్రద్ధగా గ్రామసభలో చివరి వరసలో కూర్చో. తీర్మానాల పుస్తకంలో లేని మాట అక్కడ వినబడుతుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, 30 రోజుల గడువు దాటితే అప్పీలు కూడా నీవే రాసుకో. అలసిపోతావని తెలుసు, అయినా చెయ్యి. వేళకు తిను.

దసరాకు రా, మర్రిగూడకు తీసుకువెళ్తాను. ఆ అబ్బాయి ఇప్పుడు నల్లగొండ కోర్టులో వకీలు. నీ గురించి చెప్పాను, తానూ వస్తానన్నాడు.

మీ పెద్దనాన్న